భయానికీ ఓ నంబరు

మాఘమాసంలో ఒక ఆదివారం మా పెద్ద మనవరాలు బరంపురం నుంచి ఒడిశా తీరాన గోపాలపూర్‌లో ఉన్న మా ఇంటికి వచ్చింది. చేతిలో సంచి, సంచిలో రెండు సీసాలు. మొగలి షర్బత్. తను సొంతంగా తయారుచేసిన మొదటి సరుకు. ఉగాది నాడు అంగళ్లకు పంపాలని ముహూర్తం పెట్టుకుంది.

సీసా నా చేతికిచ్చి, "మూత బిగుతుగా ఉందా తాతయ్యా?" అంది. ఉందన్నాను. వెనక్కి తీసుకుని తనే ఓసారి తిప్పి చూసింది. కాసేపటికి మళ్లీ తిప్పింది. భోజనాల దగ్గర చారన్నం కలుపుకుని నాలుగు ముద్దలు తిని లేచిపోయింది. రాత్రి మూడింటికి నాకు మెలకువ వచ్చి చూస్తే వరండాలో కూర్చుని, ఫోన్లో లేబులు బొమ్మ పెద్దది చేసి ఒక్కో అక్షరం చదువుకుంటోంది. నేను పక్కన కూర్చున్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి అడిగింది: "ఇంత భయం వేస్తోందంటే, ఈ పని నాకు తగదనేనా తాతయ్యా?"

కొత్త దుకాణం, కొత్త యాప్, కొత్త పచ్చడి, ఏదో ఒకటి మొదలుపెడుతున్న పిల్లలు ఇవాళ ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఈ ప్రశ్న వాళ్లందరిదీ. అందుకే ఆ రోజు మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు మీకూ చెబుతున్నాను.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మెదడు లోపల రెండు పక్కలా బాదంపప్పు ఆకారంలో చిన్న ముద్దలున్నాయి. వాటిని ఎమిగ్డలా అంటారు. ముప్పు ఉందని అనుమానం తగలగానే అవి కబురు పంపుతాయి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులు రక్తంలోకి ఎడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి పొట్టిదవుతుంది. కాలేయం దాచుకున్న చక్కెర బయటికి వస్తుంది. పొట్టకు వెళ్లాల్సిన రక్తం కండరాలకు మళ్లుతుంది. మా మనవరాలికి ముద్ద దిగకపోవడానికి కారణం అదే. అమెరికా శరీరశాస్త్రవేత్త వాల్టర్ కేనన్ 1915లో వేసిన పుస్తకంలో ఒంట్లో వచ్చే ఈ మార్పుల్ని వివరంగా రాశాడు. కలబడటానికో, పరుగెత్తడానికో ఒళ్లు చేసుకునే ఏర్పాటు ఇది.

ఈ ఏర్పాటు అడవిలో పులి ఎదురైనప్పటి కోసం పుట్టింది. శరీరానికి పులీ, పోటీ ఒకటే. అయితే పులి వెళ్లిపోతే కాసేపట్లో అన్నీ సద్దుమణుగుతాయి. సరుకు విడుదల అలా కాదు, నెలల తరబడి ఎదురుగా నిలబడే ఉంటుంది. దానికి తోడు కార్టిసాల్ అనే మరో స్రావం తెల్లవారుజామున సహజంగానే పెరగడం మొదలవుతుంది. ఆ వేళ మెలకువ వస్తే గోరంత చింత కొండంత కనబడుతుంది.

"కాబట్టి తల్లీ, భయం పుట్టిందంటే నీ ఒళ్లు సరిగ్గా పనిచేస్తోందని అర్థం. ఈ పని నీకు ముఖ్యమని అది చెబుతోంది. ఉందా లేదా అని అడక్కు. ఎంత ఉందో అడుగు" అన్నాను.

"ఎంత అని ఎలా కొలుస్తాం?" అంది.

పోయిన శ్రావణంలో ఇద్దరం కలిసి చూసిన మొగలి బట్టీని గుర్తుచేశాను. మన గంజాం జిల్లా మొగలికి పుట్టిల్లు. ఛత్రపురం చుట్టుపక్కల ఊళ్లలో వానాకాలం వస్తే గాలంతా అదే వాసన. మొగలిలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. పరిమళం మగపూలదే. మా అమ్మ ఇనప్పెట్టెలో పట్టుచీరల మధ్య దాచుకున్న రేకులూ అవే. ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే రసాయనం ఆ వాసనకు మూలం. అది తేలిగ్గా ఆవిరై పోతుంది. అందుకే పూలను తెల్లారేలోపే కోసి, ఆ రోజే బట్టీకి చేరుస్తారు.

పూలూ నీళ్లూ పెద్ద రాగి డేగులో నింపారు. మూతపెట్టి, ఆవిరి పోకుండా సందులన్నీ తడి బంకమట్టితో మెత్తారు. మూతలోంచి వెదురు గొట్టం బయల్దేరి, నీళ్లతొట్టిలో కూర్చోబెట్టిన ఇంకో రాగి పాత్రలోకి దిగింది. ఆవిరి అక్కడ చల్లబడి పరిమళపు నీళ్లవుతుంది. పొయ్యి ముందు కూర్చున్న పెద్దాయన దగ్గర థర్మామీటరు లేదు. గొట్టం మీద అరచెయ్యి ఆనించి వేడి చూశాడు. డేగుకు చెవి దగ్గరపెట్టి ఉడుకు చప్పుడు విన్నాడు. రెండు కట్టెలు లోపలికి తోశాడు, కాసేపటికి ఒకటి బయటికి లాగాడు. మధ్యాహ్నం దాకా అదే పని. మంట చాలకపోతే పరిమళం పువ్వులోనే ఉండిపోతుంది. మితిమీరితే పూలు అడుగంటి మాడు వాసన వస్తుంది.

భయానికీ ఇలాంటి మంట కొలతే ఉంది. 1908లో రాబర్ట్ యెర్కీస్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చుండెలుకల మీద ఒక పరీక్ష చేశారు. తెల్లపెట్టెకీ నల్లపెట్టెకీ తేడా గుర్తుపట్టి, తెల్లదాన్లోకి వెళ్లడం ఎలుక పని. తప్పితే చిన్న కరెంటు దెబ్బ. తేడా సులువుగా కనబడేటప్పుడు దెబ్బ పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా పట్టుకోవడం కష్టమైనప్పుడు మాత్రం దెబ్బ మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా నేర్వడం ఆలస్యమైంది. మధ్యస్థంగా ఉన్నప్పుడే త్వరగా నేర్చాయి. ఆ తరవాతి మనస్తత్వవేత్తలు ఈ సూత్రాన్ని మనుషుల ఉద్వేగానికీ వర్తింపజేశారు. బట్టీ పెద్దాయన చేసేదీ అదే, పనికి తగ్గ మంట.

ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. సీసాలు తుడిచి పెట్టెల్లో సర్దేటప్పుడు కాస్త ఎక్కువ మంట ఉన్నా నష్టం లేదు, చేతులు ఇంకా చురుగ్గా కదులుతాయి. ధర నిర్ణయించడం, ఒప్పందం చదవడం, పనిచేసే మనిషితో కష్టమైన మాట చెప్పడం, ఇవి సూక్ష్మమైన పనులు. గుండె దడదడలాడుతుండగా వీటిని ముట్టుకోకూడదు. ముందు ఒక కట్టె బయటికి లాగాలి.

కట్టె ఎలా లాగాలో చూపిద్దామని తెల్లవారగానే సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాను.

దీపస్తంభానికి దిగువన జాలర్లు పడవలు కెరటాల్లోకి దింపుతున్నారు. ఒడియావాళ్లు వీళ్లను నోళియాలంటారు. ఇళ్లలో మాట్లాడేది తెలుగే. మన ఒడ్డున కెరటాలు నేరుగా ఇసుక మీదే విరిగిపడతాయి. పూర్వం రంగూన్ వెళ్లే ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, జనాన్ని మసూలా పడవల్లో ఎక్కించి వాటి దగ్గరకు చేర్చేవారు. ఆ పడవకు మేకులుండవు. పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. కెరటం ఎత్తి ఇసుక మీద వేసినా పలకలు కాస్త కదిలి దెబ్బను తీసుకునేవి. మేకులు కొట్టిన గట్టి పడవైతే అదే దెబ్బకు పగిలిపోయేది. ఇప్పుడు ఫైబరు పడవలు, మోటార్లు వచ్చాయి. కెరటం మాత్రం అదే.

ఆరుగురు మనుషులు పడవకు రెండు పక్కలా చేతులు వేసి మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డారు. ఎవరూ తొయ్యడం లేదు. ఒక పెద్ద కెరటం వచ్చింది, ఇంకోటి, ఇంకోటి. మా మనవరాలు ఉండబట్టలేక, "ఇంకా ఎప్పుడు?" అంది. పక్కనే వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తకుండానే, "పెద్దయి పోనీ అమ్మా. కెరటానికి ముక్కెట్టి ఎల్లాల. పక్కిచ్చేవంటే బోల్తాయే" అన్నాడు.

నాలుగో పెద్ద కెరటం విరిగాక నీళ్లు కాస్త తేరుకున్నాయి. ఒక్క కేక. పడవ లోపలికి దూసుకుపోయింది.

దీని వెనక భౌతికశాస్త్రం ఉంది. దూరాన గాలులు పుట్టించిన అలలన్నీ ఒక్క పొడవుతో ఉండవు. వేరువేరు పొడవుల అలలు కలిసి నడిచేటప్పుడు, శిఖరాలు కలిసిన చోట పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి. శిఖరానికి పల్లం కలిసిన చోట సద్దుమణుగుతుంది. అందుకే గుంపు తరవాత విరామం ఉంటుంది. మనసులో ఆందోళన కూడా అలాగే గుంపులుగా వస్తుంది. ఎగిసినప్పుడు పడవ తొయ్యకూడదు, లెక్కపెడుతూ నిలబడాలి.

నిలబడేటప్పుడు చేతిలో ఉన్న సాధనం ఊపిరి. లోపలికి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకూ పొట్టకూ దిగే వేగస్ నాడి గుండెకు కళ్లెం లాంటిది. అది ఎలా పనిచేస్తుందో 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కప్పగుండెలతో పట్టుకున్నాడు. ఒక గుండె వేగస్‌ను మీటి, దాన్ని తడిపిన ద్రవాన్ని రెండో గుండెకు తగిలిస్తే అదీ నెమ్మదించింది. నాడి వదిలే రసాయనమే గుండెను నిదానింపజేస్తుందని తేలింది. 1936లో ఆయనకు నోబెల్ వచ్చింది. మనం ఊపిరి పొడుగ్గా వదిలినప్పుడు ఆ కళ్లేన్ని కాస్త లాగుతున్నామన్నమాట. నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. నిమిషానికి ఆరు ఊపిర్లు. ఐదు నిమిషాలు అలా కూర్చున్నాక మా పిల్ల భుజాలు కిందికి దిగాయి.

"ఇది బాగుంది తాతయ్యా. కానీ ఇంటికెళ్లాక మళ్లీ మొదలవుతుంది. వంద భయాలు, అన్నీ ఒకేసారి అరుస్తాయి" అంది.

అప్పుడు అసలు సంగతి చెప్పాను. మన రేడియోలో చిన్నప్పటి నుంచి వింటున్నదే: గోపాలపూర్ రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక.

1864లో కలకత్తాను పెద్ద తుఫాను ముంచెత్తింది. మరుసటి ఏడే, 1865లో, ఆ రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1898 నుంచి దేశంలోని రేవులన్నిటికీ ఒకే పద్ధతి వచ్చింది. పగలు శంకువులు, స్థూపాల ఆకారంలో గుర్తులు, రాత్రి ఎర్ర తెల్ల దీపాలు. నంబర్లు 1 నుంచి 11 దాకా. 1, 2 అంటే గాలివాన ఎక్కడో దూరాన సముద్రంలో ఉంది. 3, 4 అంటే రేవుకు గాలివాన తాకిడి ఉంటుంది కానీ ఉన్న పనులన్నీ ఆపేసేంత కాదు. 5, 6, 7 అంటే ప్రమాదం. వీటి మధ్య తేడా తీవ్రతలో లేదు. తుఫాను రేవుకు ఏ పక్కగా దాటుతుంది, లేక రేవు మీదుగానే వస్తుందా అన్నదే తేడా. 8, 9, 10 మహా ప్రమాదం. పదకొండో దాని సంగతి చివర్లో చెబుతాను.

ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. ప్రతి నంబరుకూ ఒక పని ఉంది. ఒకటో నంబరుకు వలలు లోపల దాచుకుని ఏడుస్తూ కూర్చోరు. పదో నంబరుకు ఒడ్డున చేపల బేరం ఆడరు.

ఇంటికొచ్చి ఒక పాత అట్టపెట్టె చింపి, దాని వెనక మా మనవరాలు తన భయాలన్నీ రాసింది. నేను పక్కన కూర్చున్నాను. "పెద్ద కంపెనీ ఏదైనా ఇలాంటి షర్బతే తెస్తే?" అది ఒకటో నంబరు, దూరాన ఉంది. నోటుపుస్తకంలో రాసి వదిలెయ్యాలి. "లేబులు ముద్రణ ఆలస్యమైతే?" మూడు. ఒక్క ఫోను చేస్తే తేలుతుంది. "బంధువులు నవ్వితే?" కలం ఆగింది. చాలాసేపు ఆలోచించి రెండు వేసింది. "తాగినవాళ్లకి ఒంట్లో తేడా చేస్తే?" అది నిజంగా వస్తే పది. ఆ రోజే అమ్మకం ఆపి సరుకంతా వెనక్కి తెప్పించాలి. అది రాకుండా చూడటానికే ఆహార లైసెన్సు, ప్రయోగశాల పరీక్ష. రెండూ అప్పటికే అయ్యాయి. "మూతలు కారితే?" ఆరు.

ఆరు అనగానే తనే ఆగింది. "ఇన్నిసార్లు తిప్పి చూశాను కానీ, ఒక్కసారీ పరీక్ష పెట్టలేదు తాతయ్యా."

బరంపురం వెళ్లాక 40 సీసాలు నింపి రాత్రంతా తలకిందులుగా పాత దినపత్రికల మీద నిలబెట్టింది. పొద్దున చూస్తే మూడు సీసాల కింద కాగితం తడిసి ఉంది. మూతలోపలి రబ్బరు వాషరు పలచన. సరఫరా చేసినతనితో మాట్లాడి మందపాటి వాషరు వేయించింది. మళ్లీ 40 సీసాలు తలకిందులు చేసింది. కాగితం పొడిగా ఉంది. నెల రోజులుగా నిద్రచెడగొట్టిన భయం రెండు రాత్రుల పరీక్షతో తీరిపోయింది. ఆ భయం నిజమే చెప్పింది, నంబరు వేసేదాకా దాని మాట మనకు వినపడలేదు.

భయానికి పేరు పెట్టడంలో ఇంకో మేలూ ఉంది. కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో చేసిన పరిశోధనలో, భయం, కోపం ఉన్న ముఖాల చిత్రాలు చూపించి, ఆ భావానికి పేరు చెప్పమన్నారు. పేరు చెప్పినప్పుడు ఎమిగ్డలా హడావుడి తగ్గింది, నుదుటి వెనక మెదడు భాగం చురుకైంది. పేరు లేనిది దయ్యంలా తిరుగుతుంది. పేరు పెట్టాక అది ఒక పని.

నంబరు ఎంత పని చేస్తుందో మన గంజాం కళ్లారా చూసింది. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని సూపర్ సైక్లోన్ కొట్టినప్పుడు దాదాపు 10 వేలమంది పోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటింది. చెట్లు, స్తంభాలు, కప్పులు ఏవీ మిగల్లేదు. కానీ వాతావరణ శాఖ రోజుల ముందు నుంచే దారినీ వేగాన్నీ అంకెల్లో చెబుతూ వచ్చింది. ఒడిశాలో దాదాపు 10 లక్షలమందిని ముందే ఆశ్రయాలకు తరలించారు. అంత పెద్ద గాలిలోనూ ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఆ రాత్రి భయపడని మనిషి మా వాడలో లేడు. అయినా ఆ భయం అందరినీ గట్టిగోడల మధ్యకు నడిపించింది. అంకె తోడున్న భయం చేసే మేలు అది.

మా అట్టమీద ఇంకో మూడు మాటలు చేరాయి. అవీ చెబుతాను.

మొదటిది, పని చెడిపోయిందని ముందే ఊహించి కారణాలు రాయడం. మనస్తత్వవేత్త గేరీ క్లీన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. "ఆరు నెలలైంది, షర్బత్ మూలపడింది. ఎందుకు?" అని ఇంట్లో అందరం తలో కాగితం మీద రాశాం. "ఏం కాదులే" అనే ఓదార్పు కంటే ఆ కాగితాలు తనకు ఎక్కువ నిద్రనిచ్చాయి.

రెండోది, తేదీలకు మేకులు కొట్టకపోవడం. మసూలా పడవలా కుట్టుకోవాలి. ఉగాదికి 500 సీసాలన్న లెక్కను 100కు తగ్గించింది. మొదట తెలిసిన నాలుగు దుకాణాలు, పదిహేను రోజులు ఆగి మిగతావి. ఎక్కడైనా దెబ్బ తగిలితే కాస్త కదలడానికి చోటుండాలి.

మూడోది, ఒంటికి విశ్రాంతి. కాఫీలో కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కప్పు రాత్రి పదకొండింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం తరవాత కాఫీ మానేసింది. చింతలకు సాయంత్రం అరగంట కేటాయించింది. మిగతా వేళల్లో వచ్చిన భయాన్ని ఆ అరగంటకు రమ్మని చీటీ రాసిపెట్టేది. సాయంత్రం చూస్తే సగం చీటీలకు చెప్పడానికేమీ ఉండేది కాదు.

ఇక పదకొండో నంబరు. పది అంటేనే మహా ప్రమాదం కదా, దాన్ని మించి ఏముంటుంది? పదకొండో గుర్తుకు అర్థం, హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయిందని. ఏ వార్తా రావడం లేదు, వాతావరణం చెడేలా ఉందని రేవు అధికారే అంచనా వేసుకోవాలి. ఈ పట్టిక రాసినవాళ్లు మాట తెగిపోవడాన్ని తుఫాను నంబర్లన్నిటికీ పైన పెట్టారు.

కొత్త పని మొదలుపెట్టిన పిల్లల్లో నేను చూసిన ప్రమాదం ఇదే. అమ్మానాన్నలకు చెబితే బెంగపెట్టుకుంటారని చెప్పరు. పనివాళ్లకు చెబితే ధైర్యం పోతుందని చెప్పరు. స్నేహితులకు చెబితే చులకన అని చెప్పరు. రాత్రి మూడింటికి ఒక్కరే ఫోను వెలుగులో కూర్చుంటారు. అక్కడ ఎగిరేది పదకొండో నంబరు.

అలాంటి వేళ పెద్దవాళ్లు ఎలా నిలబడాలో ఒక ఉదాహరణ చెబుతాను. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు సముద్రంలో పడింది. ప్రాజెక్టు బాధ్యుడు అబ్దుల్ కలాం. ఆ రోజు విలేకరుల ముందు నిలబడి ఓటమి బాధ్యత తన మీద వేసుకున్నది ఆయన పైఅధికారి సతీశ్ ధావన్. 1980 జూలై 18న రాకెట్టు విజయవంతంగా ఎగిరినప్పుడు మాట్లాడమని కలాంనే ముందుకు పంపాడు. పెద్దవాళ్లం మనం నేర్వాల్సింది ఇది. పిల్లల భయాన్ని కొట్టిపారెయ్యక్కర్లేదు, పాఠాలు చెప్పక్కర్లేదు. గాలివాన వేళ తీగ తెగకుండా పట్టుకుంటే చాలు.

ఒక్కోసారి ఆ తీగకు ఇంటిమనుషులు చాలరు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, గుండెదడ తరచుగా కమ్ముతున్నా, బతకాలని అనిపించకపోయినా ఆలస్యం చెయ్యకూడదు. బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఉన్నట్టే పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలుంటాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. జ్వరానికి మందు అడిగినంత మామూలుగా అడగండి.

మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. రోజూ సాయంత్రం తను ఫోను చేసి ఒక అంకె చెబుతుంది. కథలు చెప్పక్కర్లేదు, అంకె చాలు. "ఇవాళ మూడు తాతయ్యా." "ఐదు. ముద్రణ వాళ్లు తప్పు రంగు వేశారు." "రెండు. హాయిగా పడుకున్నా." ఒక రోజు "తొమ్మిది" అంది. నేను బస్సెక్కి బరంపురం వెళ్లి, ఏమీ అనకుండా తనతోపాటు సీసాలు తుడిచాను. రాత్రికి ఐదుకు దిగింది.

ఉగాది పొద్దున్న, పచ్చడిలో వేపపువ్వు కలుపుతుండగా ఫోను మోగింది. వెనకాల ఆటో చప్పుడు. పెట్టెలు ఎక్కిస్తున్నారు.

"ఏడు తాతయ్యా" అంది.

"నాకూ ఏడే తల్లీ" అన్నాను. "కెరటానికి ముక్కు పెట్టి వెళ్లు. సాయంత్రం మళ్లీ ఫోను చెయ్యి."